ఫోటో తాత చెరిపేసిన పాప

స్టూడియో మూసేసి ఏళ్ళు గడిచినా వీధిలో అందరికీ ఆయన ఇంకా ఫోటో తాతే. కెమెరాలు అమ్మేశాడు. గొడుగుల్లాంటి లైట్లు ఎవరో అడిగితే ఇచ్చేశాడు. కంప్యూటర్, దాని ప్రింటర్ మాత్రం ఇంటికి తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టుకున్నాడు. చుట్టుపక్కల వీధులన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉండేవి. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ముఖాలు, బోర్లాపడ్డ పసివాళ్ళు, ఇప్పుడు లేని మనుషులు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు మొహమాటపడుతూ వచ్చి తలుపు తట్టేవారు.

"మా నాన్నది మంచి ఫోటో ఏదైనా ఉందా తాతా?"

"నా దగ్గర లేకపోవడమేమిటి?" అనేవాడు. ఆ మాట అనడంలో ఆయనకి బోలెడంత గొప్ప.

కంప్యూటర్‌కి కూడా వయసు మీదపడింది. స్విచ్ నొక్కి, స్నానం చేసి వచ్చినా తెర ఇంకా నల్లగానే ఉండేది. అందులోని పాత సిస్టమ్‌కి ఇక అప్‌డేట్లు రావని రోజూ ఓ హెచ్చరిక.

"మీరిద్దరూ పొద్దున్నే లేవడానికి ఒకేలా మూలుగుతారు" అని భార్య నవ్వేది.

అలాంటి రోజుల్లో లైబ్రరీలో పెద్దవాళ్ళ కోసం ఓ క్లాసు మొదలైంది. ఊరికే దొరికే లైనక్స్ అనే సిస్టమ్ వేసుకుంటే పాత కంప్యూటర్లు మళ్ళీ పరుగెడతాయట. నేర్పేది ఒక రిటైరైన లెక్కల టీచరమ్మ. నేర్చుకునేవాళ్ళలో మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికే నర్సమ్మ ఉంది, ప్రతి బటన్‌నీ పైకి చదివి గానీ నొక్కని పోస్ట్‌మాన్ ఉన్నాడు. వాళ్ళ మధ్య ఫోటో తాత కాస్త కాలరెగరేశాడు. "ఇంత భయమైతే ఎలాగండీ? నేను కంప్యూటర్ మీదే బతికినవాణ్ణి" అంటూ అందరి తెరల్లోకీ తల దూర్చేవాడు.

టీచరమ్మ తలా ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. "దీంట్లోంచే నడిపి చూడండి. మీ కంప్యూటర్‌కి ఏమీ కాదు. నచ్చితే అప్పుడు ఎక్కిద్దాం. ఇన్‌స్టాల్ మాత్రం నేను పక్కన ఉన్నప్పుడే నొక్కాలి. ముందు మీ ఫైళ్ళన్నీ ఇంకోచోట దాచాలి. విన్నారా సార్?" అంది ఫోటో తాత వైపు చూస్తూ. తనకి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పిందని ఆయన లోపల్లోపల నొచ్చుకున్నాడు.

ఆ నొప్పితోనే ఇంటికొచ్చి ఇన్‌స్టాల్ నొక్కాడు.

డిస్క్ చెరిపి ఎక్కించమంటారా అని కంప్యూటర్ అడిగింది. చెరిగేది పాత సిస్టమేగా అనుకున్నాడు. సరే అన్నాడు. గడియారం తిరిగింది, నీలిరంగు గీత నిండింది, కంప్యూటర్ కనురెప్ప వాల్చినంతలో లేచి కూర్చుంది. భార్యని పిలిచి చూపించాడు. "అబ్బో" అంది ఆవిడ.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఫోటోల ఫోల్డర్ తెరిచాడు.

ఖాళీ.

మూసి తెరిచాడు. ఉన్న ఫోల్డర్లన్నీ వెతికాడు. ఇన్ని కుటుంబాలు తనని నమ్మి దాచుకున్న ముఖాలు... ఒక్క వేలి నొక్కుడుతో...

సరిగ్గా అప్పుడే పై అంతస్తు అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆమె కూతురు బళ్ళో చేరిన ఏడాదే జ్వరమొచ్చి పోయింది. బతికున్నన్నాళ్ళూ ఆ పిల్ల మెట్లు దిగితే చాలు, ఈ గదిలోకే పరుగెత్తుకొచ్చేది.

"బాబాయ్ గారూ, పైపు కారి గోడంతా తడిసిపోయింది. పాప ఫోటో ఉబ్బిపోయింది. మొహం కూడా మిగల్లేదు. మాకున్నది అదొక్కటే. మీ దగ్గర ఉంటుంది కదా... బడి సంచీతో తీసింది?"

చెప్పెయ్యాలి. నోరు తెరిచాడు కూడా.

"నా దగ్గర లేకపోవడమేమిటమ్మా?" అన్నాడు. "భద్రంగా ఉంది. ప్రింటు తీసి ఇస్తాను."

ఆమె మొహం విప్పారింది. ఆ మొహం చూడలేక ఆయన తెర వైపు తిరిగాడు.

ఆ తర్వాత ఆయన తన ఇంట్లోనే దొంగలా బతికాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే లైటు ఆర్పేసేవాడు. ఆమె ఎదురుపడితే ప్రింటర్‌లో రంగు అయిపోయిందనో, కాగితం దొరకలేదనో అనేవాడు. ఆమె "తొందరేం లేదు బాబాయ్ గారూ" అనేది. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలేది. క్లాసుకి వెళ్ళడం మానేశాడు. భార్యకి చెప్పలేదు.

చివరికి టీచరమ్మకి ఫోన్ చేశాడు. "మా ఫ్రెండొకాయన, పాపం, తెలీక డిస్క్ చెరిపేశాడు..."

"మీ ఫ్రెండుని ఆ కంప్యూటర్ వెంటనే ఆపెయ్యమనండి సార్. వాడేకొద్దీ పాతవాటి మీద కొత్తవి వచ్చి కూర్చుంటాయి. పెన్‌డ్రైవ్‌తో లేపి, పోయినవాటిని వెతికే ప్రోగ్రామ్ నడిపిస్తే కొన్ని దొరకొచ్చు. దొరికినవాటికి పేర్లుండవు. ఎవరు ఎవరో ఆయనే గుర్తుపట్టాలి." తర్వాత మెల్లగా అంది, "ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదని చెప్పండి. నన్ను రమ్మంటే వస్తాను."

"వద్దు వద్దు, ఆయన చూసుకుంటాడు" అన్నాడు. చెవులు కాలిపోయాయి.

భార్య తన చెల్లెలింటికి వెళ్ళిన రోజు, సాయంత్రం, ఆయన పనికి కూర్చున్నాడు. బయట సన్నగా వాన. కిటికీలోంచి వచ్చే వెలుతురు బూడిదరంగులో ఉంది. పైన కుట్టుమిషన్ ఆగి ఆగి నడుస్తోంది. దొరికినవి దాచడానికి ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి, టీచరమ్మ చెప్పినట్టే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. డిస్క్ లోపల ఎవరో గోటితో గీకుతున్నట్టు సన్నటి చప్పుడు.

ఒక ముఖం వచ్చింది. దానికింద పేరు లేదు, అంకెలే. ఇంకోటి వచ్చింది. కొత్త దంపతులు. సగం వరకే ఉన్న ఓ ముసలాయన, గడ్డం కింద అంతా బూడిదరంగు. పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ వరస లేకుండా పైకి తేలుతున్నారు. ఫోటో తాత ఒక్కొక్కరినీ పేరుతో పలకరించాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

గదిలో ఏదో వాసన. పుల్లగా, ముక్కు పొడిచేలా. వెనకటికి చీకటిగదిలో ఫిల్ము కడిగే మందు వాసన. ఆ మందు ఆయన తాకి ఎన్నాళ్ళయిందో. ఈ ఇంట్లోకైతే అది ఎప్పుడూ రానే లేదు.

వానకి ఎక్కడో మురుగు పొంగిందేమో అనుకున్నాడు.

అప్పుడు పాప వచ్చింది. బడి సంచీ, ఊడిన పన్ను, నవ్వు. "దొరికావా తల్లీ!" అని కుర్చీలోంచి సగం లేచాడు. గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది. ప్రోగ్రామ్ ఆపేద్దామని చెయ్యి చాపాడు.

ఇంకో ఫోటో వచ్చింది.

అందులో తలుపు ఉంది. ఈ గది తలుపే. గడపలో పై అంతస్తు అమ్మాయి, మొహం విప్పార్చుకుని నిలబడి ఉంది. ఇటువైపు ఆయన. మొహం తెరవైపు తిప్పుకుని... ఆ మొహంలో అబద్ధం ఎంత స్పష్టంగా ఉందంటే, ఆయన తనని తాను గుర్తుపట్టడానికి ఇష్టపడలేదు.

అది గది లోపలినుంచి తీసిన ఫోటో. బాగా కిందనుంచి. చిన్నపిల్లలు నిలబడి చూసేంత ఎత్తునుంచి.

ఇంట్లో కెమెరా లేదు.

మరొకటి. ఈ గది చీకట్లోనే ఆయన, లైటు స్విచ్ మీద చెయ్యి. మరొకటి. ఫోన్ పట్టుకుని ఆయన, నుదుటి మీద చెమట. ప్రతి దాంట్లోనూ దొంగమొహం. ప్రతి దాంట్లోనూ కెమెరా కాస్త దగ్గరికి జరిగింది.

పైన కుట్టుమిషన్ ఆగిపోయింది.

మరొకటి వచ్చింది. ఆయన వీపు. వంగిన మెడ. ముందు వెలుగుతున్న తెర. ఆ తెరలో... ఇదే ఫోటో.

వెనక చిన్నగా చప్పుడు.

టిక్.

తిరగలేదు. తిరగలేకపోయాడు. మందు వాసన కళ్ళు మండిస్తోంది. చెవి పక్కన చల్లటి ఊపిరి...

"తాతా..."

గుసగుస. ఊడిన పన్ను సందులోంచి గాలి పోతున్న మాట.

"అమ్మకి... ఎందుకలా చెప్పావ్?"

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"కదలకు..." అంది. "ఇంకొక్కటి..."

కుర్చీ పడిపోయింది. చెప్పులు లేకుండా, వానలో తడిసిన మెట్లు పట్టుకుని పైకి పాకినట్టు ఎక్కాడు. తలుపు తీసిన అమ్మాయి కాళ్ళ దగ్గరే కూలబడ్డాడు.

"అబద్ధం చెప్పానమ్మా. అన్నీ చెరిపేశాను. నీ పాపని కూడా. ఆ రోజే పోయాయి. చెప్పడానికి సిగ్గేసింది."

ఆమె చేతిలో గుడ్డముక్క నలుపుతూ నిలబడింది. తర్వాత గోడవైపు చూపించింది. తడి మరక ఆరినచోట కొత్త మేకు.

"పోయిందంటే ఏడ్చేదాన్ని. అంతే కదా బాబాయ్ గారూ? మీరు ఉందన్నారు. నేను మేకు కొట్టుకున్నాను. పొద్దున లేచి దాన్నే చూస్తున్నాను."

ఆయన తలెత్తలేదు. అప్పటిదాకా పడిన భయమంతా ఆ మేకు ముందు చిన్నదైపోయింది.

ఆమెని కూడా తీసుకుని కిందికి వచ్చాడు. గదిలో ఏ వాసనా లేదు. పడిపోయిన కుర్చీ ఉంది. తెరమీద దంపతులు, పసివాళ్ళు, బడి సంచీతో పాప. ఆ తర్వాత వచ్చిన ఫోటోలు ఒక్కటీ లేవు. ఎంత వెతికినా లేవు.

ఆమె ముందే ప్రింటు తీశాడు. రంగు తడి ఆరేదాకా ఆమె దాన్ని అరచేతుల మీద పట్టుకుని చూసింది. పాప ఒక్కతే, తెల్లటి గోడ ముందు. ఆమె దాన్ని తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన తిరిగి క్లాసుకి వెళ్ళాడు. ఆ ఫ్రెండు నేనే అని నర్సమ్మ, పోస్ట్‌మాన్ వింటుండగా చెప్పాడు. నర్సమ్మ మంచినీళ్ళిచ్చింది. టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుని మిగతా ముఖాలు వెతికిపెట్టింది. దొరకనివాళ్ళ ఇళ్ళకి ఆయనే నడిచి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి నిజం చెప్పి వచ్చాడు. కొందరు తిట్టారు. కొందరు కూర్చోమన్నారు. రాత్రులు మెల్లగా నిద్ర పట్టసాగింది.

చెల్లెలింటినుంచి వచ్చిన భార్య, ఓ మధ్యాహ్నం జాకెట్టు కొలతలివ్వడానికి పైకి వెళ్ళి దిగి వచ్చింది. మొహం నిండా నవ్వు.

"ఏమండీ, పాప ఫోటో గోడమీద పెట్టుకుందండీ. ఎంత బాగుందో! నాకో మాటైనా చెప్పలేదు, అందులో మీరు కూడా ఉన్నారని."

ఆయన చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "నేనా?"

"మీరు కాకపోతే ఇంకెవరు? పక్కనే కుర్చీలో కూర్చున్నారుగా. ఇప్పుడు వేసుకున్న ఈ చొక్కాయే. పిల్ల మీ భుజం మీద చెయ్యేసి చక్కగా నవ్వుతోంది. అంతా బాగుంది గానీ..." ఆవిడ తల వంచి ఆయన మొహంలోకి చూసింది. "మీరేంటండీ అందులో, మెడ అలా వాల్చేసి కళ్ళు మూసుకున్నారు?"