నలభై ఐదో గుంట

ఇది కట్టుకథ అనే మొనగాడు ఎవరన్నా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఆ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, మూతబడిన హేచరీలో తెల్లారిందాకా కూర్చోబెట్టి వస్తా. నా జన్మలో పదకొండు దెయ్యాలను ఒట్టి దగ్గుతోనే తరిమినవాణ్ని నేను. ఆ హేచరీ గుమ్మం మాత్రం పొద్దుగూకినాక తొక్కలేదు.

ముత్తుకూరు దాటి సముద్రంవైపు పోతే, థర్మల్ పొగగొట్టాల ఎర్రదీపాలు కనపడేంత దూరంలో ఉంటుందది. ఒకప్పుడు రొయ్యపిల్లల్ని పెంచినారు. ఇప్పుడు ఎండిన సిమెంటు తొట్లు, తలుపుల్లేని గుమ్మాలు... చుట్టూ రొయ్యల గుంటలు. తెల్లవారుజామున మూడింటికి అందులో ఎవరో అంకెలు చదువుతారని పేరు. ఆ గొంతు విన్న పాలవాడు ఒకడు బండితో సహా గుంటలో పడి, మూడు రోజులపాటు అంకెలు తప్ప మాటన్నది పలకలేదు!

ఆ గుంటల పక్క ఊళ్లోనే ఉంటుంది అబిగయీలు. నీట్ రాయడం ఆమెకు రెండోసారి. "ఈసారి రాకపోతే నర్సింగులో చేరిపోదువులేమ్మా," అని పోర్టులో క్రేను నడిపే వాళ్ల నాన్న మెల్లగా చెప్పినాడు. కేకలేసి ఉంటే మర్చిపోయేది. మెల్లగా చెప్పినాడు కాబట్టి గుండెలో దిగబడింది.

ఎదురింటి షారన్‌కి ఇది మొదటిసారే. అయినా మాక్ టెస్టుల్లో షారన్‌కి ఐదువందల నలభై. అబిగయీలుకు నాలుగువందల తొంభై.

అదెట్లా? నిద్ర రాకుండా కాళ్లు బకెట్ నీళ్లలో పెట్టుకుని, ఫ్లాస్కుడు కాఫీ తాగి, రాత్రి రెండింటిదాకా లైటు ఆర్పనిది అబిగయీలు. షారన్ కిటికీ తొమ్మిదిన్నరకే చీకటి! పేజీ తిప్పినప్పుడల్లా అబిగయీలు కళ్లు ఆ చీకటి కిటికీ మీదికే పోయేవి. పోయిన ప్రతిసారీ చదివినదాంట్లో ఒక వాక్యం జారిపోయేది... కడుపులో మంట ఇంకొంచెం ఎగిసేది.

పరీక్షకు తొమ్మిది రోజులుందనగా, మూడింటికి ఎదురింటి గేటు కిర్రుమంది. కిటికీలోంచి చూసింది. టార్చి వెలుగొకటి గుంటల గట్టు మీదుగా సాగి సాగి... హేచరీ వైపు పోయింది. పట్టుకున్నది షారన్!

అంకెలు చదివే దెయ్యం! ప్రశ్న నంబరు, జవాబు నంబరు... ఇంకేముంటుంది? "ఎంత దొంగదానివే," అని పళ్లు కొరికింది అబిగయీలు. "దెయ్యం దగ్గర జవాబుల కీ తెచ్చుకుంటున్నావా?"

మర్నాడు షారన్ కన్నా ముందే బయల్దేరింది. భయం లేదా? ఉంది. అంతకు పదింతలు అసూయ ఉంది. ఓఎంఆర్ షీటు, నల్ల బాల్‌పెన్ను పట్టుకుని ఎండిన తొట్టిలో నక్కి కూర్చుంది.

"ఒకటి... నాలుగు."

ఆడగొంతు. బయటినుంచి కాదు— తొట్టి గోడల్లోంచే.

"రెండు... మూడు."

ఫోను వెలుగులో సున్నాలు దిద్దుతూ పోయింది. ఇరవై... ముప్పై... నలభై... పేపర్లో ఫిజిక్స్ ప్రశ్నలు నలభై ఐదు. రెండేళ్లుగా తనని ఏడిపిస్తున్న ఫిజిక్స్!

"నలభై నాలుగు... మూడు."

ఆగిపోయింది. సముద్రం హోరు కూడా ఊపిరి బిగబట్టినట్టు...

అప్పుడు— చెవి పక్కనే, తడి గొంతుతో—

"నలభై ఐదు... రెండు."

దిద్దింది. దిద్దిన మరుక్షణం భుజం మీద మంచులాంటి చెయ్యి పడింది.

అబిగయీలు పెట్టిన కేకకు రేవులో ఓడ లంగరు తెంపుకుంది. లేదన్నవాణ్ని నా ముందుకు రమ్మనండి!

"ఏందిమే అబీ! నేను, షారన్‌ని!"

వెనకే వాళ్లమ్మ లిల్లీ, మోకాళ్లదాకా తడిసి, చేతిలో మీటరుతో. "ఈడ వెలుగు కనపడితే ఎవరో దొంగనుకున్నాం. ఏం చేస్తుండావు తల్లీ?"

అబిగయీలు షీటు నలిపి గుప్పిట్లో దాచింది. "మీరేం చేస్తుండారు అత్తా?"

"నా డ్యూటీనే ఇది. గుంట గుంటకీ ఆక్సిజన్ చూసి, గుంట నంబరు, రీడింగు ఫోన్లో సూపర్‌వైజరుకి చెప్పాల. ఈ టయానికే ఆక్సిజన్ పడిపోయి రొయ్య చచ్చేది."

గట్టు మీద చెప్పిన మాట తొట్లలో మోగుతుంది. అంతే!

"మరి నువ్వు?"

"తొమ్మిదిన్నరకే పడుకుని మూడింటికి లేస్తానుమే," అంది షారన్. "నిన్న ఏ ప్రశ్న తప్పు చేసినానో, ఎందుకు తప్పో గట్టు మీద అమ్మకి చెప్తా. ఐదో తరగతి చదివిన అమ్మకి అర్థమైతే నాకు వచ్చినట్టే."

"కటకాల గురించి పదిసార్లు చెప్పింది. మా రొయ్యలకి కూడా సీటొస్తుంది ఈసారి," అని నవ్వింది లిల్లీ.

అబిగయీలుకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినాయి. "అయితే నలభై ఐదు గుంటలూ రోజూ తిరుగుతారా అత్తా?"

లిల్లీ నవ్వు ఆగిపోయింది. "నలభై ఐదేంది తల్లీ... మా గుంటలు నలభై నాలుగే."

ముగ్గురూ వెనక్కి చూడకుండా నడిచినారు. గేటు దగ్గర షారన్ ఆగింది. లిల్లీ లోపలికి పోయిందాకా చూసి, గుసగుసగా—

"అబీ... నలభై ఐదుకి ఎంతని వినపడింది?"

ఐదువందల నలభై మార్కుల షారన్... తనని అడుగుతోంది! అబిగయీలు గుప్పిట ఇంకా బిగించింది.

"నాలుగు," అంది.

నెల్లూరులో పరీక్ష. ఇద్దరికీ ఒకే కోడు పేపరు పడింది. ఫిజిక్స్ నలభై ఐదో ప్రశ్న. అబిగయీలు లెక్క చేస్తే నాలుగో జవాబు వచ్చింది. మళ్లీ చేసింది. నాలుగే. కానీ చెవిలో ఆ తడి గొంతు...

రెండు దిద్దింది.

కీ వచ్చింది. జవాబు నాలుగు.

తప్పుకు కోసిన ఒకటి, చేతికి రావలసిన నాలుగు... మొత్తం ఐదు మార్కులు. సీటు తప్పింది మూడు మార్కుల్లో.

షారన్ మైసూరుపాకు డబ్బాతో పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. "టైము లేక వదిలేసినానుమే ఆ ప్రశ్న. ఆఖరి నిమిషంలో నీ మాట గుర్తొచ్చి నాలుగు దిద్దేసినా. ఆ నాలుగు మార్కులతోనే సీటు గట్టెక్కింది. నీ చలవే అబీ!"

అబిగయీలు నవ్వింది. డబ్బాలోంచి ఒక ముక్క తీసి షారన్ నోట్లోనే పెట్టింది.

తను విన్నది రెండని ఆమె ఈరోజుకీ షారన్‌కి చెప్పలేదు. తన కన్నతల్లికీ చెప్పలేదు. చెప్పింది ఒక్క మనిషికే... మొన్న నర్సింగు కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు, నా మంచం పట్టె మీద కూర్చుని, తల వంచుకుని.

సాక్షి పేరు కావాలా? నా కూతురి కూతురు— అబిగయీలు.