సకీనమ్మకు మజ్జిగ

మదనపల్లెలో కళాయి ఖాజా మొహిద్దీన్ ఇంట్లో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, ఆయన భార్య గుల్జార్ బీ గొంతు. ఆ ఇంట్లో మంచిమాటలు ఉర్దూలో, తిట్లు తెలుగులో నడిచేవి. ఉర్దూలో తిడితే తనకు కడుపు నిండదని ఆమే చెప్పేది.

"ఏమయ్యో! పాలు పొంగి పొయ్యి పాలవుతాండాయి. నువ్వు ఆడ కూర్చోని మేకకు కత చెప్తాండావా?"

"సాయంత్రం చెప్పాల్సింది ఒకసారి తిరగేసుకుంటాండానే. సూడు, ఎంత బాగా వింటాండాదో!"

"అది వినడంలా. నీ లుంగీ తింటాండాది."

నిజమే, అంచు జానెడు పోయింది. సాయంత్రానికి ఆ జానెడు మూరెడవుతుందనీ, మేక చిరుతపులి అవుతుందనీ గుల్జార్ బీకి తెలుసు. ఈ మనిషితో ఎట్లా వేగడమా అని నెత్తి కొట్టుకుని లోపలికి పోయింది.

యుద్ధం రోజులు. పుంగనూరు దాకా పోయినా గిన్నెలకు పూసే తగరం దొరకక కళాయి పని మూలపడింది. చేతికి పని లేని ఖాజాకు నోటికి పని ఎక్కువైంది. అయితే పీర్ల పండగ నాడు మాత్రం ఆ నోటికి అందరూ దండం పెట్టేవారు. పీర్లను నిలిపే చావిడి ముందు, నిప్పుల గుండం పక్కన నిలబడి, ప్రవక్త మనవళ్లు హసనయ్య హుసేనయ్యల కత తెలుగులో పాడుతూ చెబితే కురబలకోట నుంచి కూడా జనం వచ్చేవారు. వాళ్లలో సగానికి పైగా నుదుట విభూతి ఉన్నవాళ్లే.

ఈ ఏడు ఇంట్లోనే చిక్కు వచ్చింది. చిక్కు పేరు అబ్దుల్ రహీం. ఒక్కడే కొడుకు. రాయవేలూరులో అరబ్బీ చదివి, కుప్పంలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. ఆ కొలువు ఇప్పించిన పెద్దమనిషి ఆ సాయంత్రం పండగ చూడడానికి వస్తున్నాడు. రహీంకు రాత్రంతా నిద్ర లేదు.

"అబ్బా, ఈ పొద్దు కత ఉండేది ఉన్నట్టు చెప్పు. లేదంటే చెప్పొద్దు," అన్నాడు తండ్రితో.

"ఉన్నట్టే కదరా చెప్పేది."

"హుసేనయ్య గుర్రం దూకినందుకే గుర్రంకొండకు ఆ పేరొచ్చిందని ఎవురు రాసినారు? ఆయన ప్రాణం పోయిన కర్బలా యాడ, గుర్రంకొండ యాడ?"

"నువ్వు కర్బలా చూసినావా?"

"లేదు."

"నేను గుర్రంకొండ చూసినా. ఇద్దర్లో ఒకడన్నా ఏదో ఒకటి చూసినాడు. సంతోషించు."

"ఎగతాళి చాలు!" రహీం గొంతు పెరిగింది. "గుర్రం మాట పోనీ. ఆ మజ్జిగ సంగతేంది? హుసేనయ్య బిడ్డ సకీనమ్మ దాహంతో అల్లాడతాంటే, ఎవురో కురబాయన గొర్రెల్ని తోలుకోని వచ్చి మజ్జిగ పోసినాడా? ఆ ఎడారిలో పగోళ్లు చుక్క నీళ్లు అందనీకుండా చేసినారు అబ్బా! ఆ దాహమే కత. దాన్ని నువ్వు మజ్జిగ పోసి ఆర్పేస్తే ఇంక మనం దేనికి ఏడ్చేది?"

ఖాజా నవ్వు సగంలో ఆగింది.

"ఆ పెద్దాయన ముందర మజ్జిగ మాట ఎత్తితే నేను ఇట్లే రైలెక్కి పోతా. మళ్లా ఈ గడప తొక్కను."

"సరేరా," అన్నాడు ఖాజా. "తీసేస్తాలే." లేచిపోయి చల్లారిన కొలిమి పక్కన కూర్చున్నాడు. మాట్లాడని ఖాజాను చూడడం ఆ ఇంటికి కొత్త. మేక కూడా దగ్గరికి పోలేదు.

సరిగ్గా అప్పుడే గంగులప్ప వచ్చాడు. కురబలకోట గొర్రెలకాపరి, ఖాజా ఈడువాడు. చలికి కంబళి కప్పుకుని, నెత్తిన మజ్జిగ కుండ పెట్టుకుని ఏటా పండగకు వస్తాడు. గుండం చుట్టూ చేరిన పిల్లలందరికీ ఆ మజ్జిగ పోస్తాడు.

"బీబమ్మా, కుండ దించుకో. సకీనమ్మకు మా తాత పోసిన కాలం నుంచి మాకుండే పని కదా, ఆలస్యం అయితాదని చీకట్నే బయలుదేరినా."

రహీం అడ్డం వచ్చాడు. "ఈ ఏడు వద్దులే గంగులప్పా. ఆ కతలో కురబాయన ఎవురూ లేడు. మా నాయన కల్పించినాడు."

గంగులప్ప నవ్వబోయి, రహీం ముఖం చూసి మానుకున్నాడు. "లేడా?"

"లేడు."

"మరి ఆ పాపకు మజ్జిగ ఎవురిచ్చినారు?"

"ఎవురూ ఇయ్యలేదు."

"నీళ్లన్నా?"

"లేదు గంగులప్పా."

ముసలాయన కుండను తనే దించి అరుగు మీద పెట్టాడు. "పసిబిడ్డ అడిగితే, అంతమందిలో ఒక్కరూ ఇయ్యకుండా ఎట్లుంటారప్పా?" అన్నాడు. ఎవరినో గద్దిస్తున్నట్టు కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

జవాబు లోపలినుంచి, చేతిలో గరిటెతో సహా వచ్చింది.

"చెప్తా ఉండు! ఈయప్ప చెప్పడు, లక్ష అబద్ధాలు చెప్తాడు గానీ ఈ ఒక్క నిజం నోట రాదు." గుల్జార్ బీ గరిటె కొడుకు వైపు తిప్పింది. "ఒరే రహీమూ, ఆ మజ్జిగ పోయించింది ఎవురనుకున్నావు? నువ్వే!"

"నేనా?"

"నీకు నాలుగేండ్లు. మీ నాయన ఉన్నది ఉన్నట్టే చెప్పేవాడు అప్పుడు. ఆ కత విని ఇంటికొచ్చి నీళ్లు ముట్టలేదు నువ్వు. పాలిచ్చినా నోరు మూసుకున్నావు. 'ముందు ఆ పాపకు ఇయ్యి, తర్వాత తాగుతా' అని ఒకటే పట్టు. తెల్లారేసరికి పెదాలు ఎండిపోయి ఒళ్లు కాలిపోతాండాది. నేను ఈయప్ప కాళ్లు పట్టుకున్నా. నీ కతలో ఆ బిడ్డకు ఏదో ఒకటి పోయించయ్యా, లేకుంటే నా బిడ్డ దక్కడు అని. అప్పుడు వాకిట్లో చెంబు కళాయికి ఇచ్చి, మజ్జిగ ముంత పక్కన పెట్టుకోని కూర్చోనుండాడు ఈ గంగులప్ప. మీ నాయన ఈయన్ను చూసినాడు. అంతే, కర్బలాకు కురబాయన వచ్చేసినాడు. నువ్వు గుటగుటా తాగినావు."

గంగులప్ప నోరు తెరిచి ఖాజా వైపు చూశాడు. "ఆ కురబ మా తాత కాదా? నేనేనా?"

"మీ తాత అంటే నీకు గౌరవంగా ఉంటాదని..." గొణిగాడు ఖాజా.

రహీం అరుగు మీద కూలబడ్డాడు. రైలు మాట ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నం తినలేదు, నీళ్లు కూడా ముట్టలేదు.

పొద్దు వాలాక గుండం చుట్టూ జనం నిండారు. కుప్పం పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నాడు. ఖాజా కత ఎత్తుకున్నాడు. గుర్రంకొండ రాలేదు. గుర్రం ఎక్కడా దూకలేదు. మాట ఇచ్చిన మనిషి పొదుపుగా చెబుతూ సకీనమ్మ దగ్గరికి వచ్చాడు.

"'దాహం నాయనా' అనింది బిడ్డ. నీళ్లు లేవు. ఎవురూ..." అని ఆగిపోయాడు. ముందు వరుసలో పిల్లలు గంగులప్ప కుండ వైపు చూస్తున్నారు.

రహీం లేచాడు. కుండలోంచి లోటా నిండా మజ్జిగ ముంచి తండ్రి దగ్గరికి తెచ్చాడు.

ఖాజా కొడుకు ముఖం చూశాడు. "పొద్దున్నించి నువ్వు ఏమీ తాగలేదంట. మీ అమ్మ చెప్పింది. ముందు నువ్వు తాగు నాయనా."

రహీం తల అడ్డంగా ఊపాడు. కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి దిగాయి.

"ముందు ఆ పాపకు ఇయ్యి అబ్బా. తర్వాత తాగుతా."

ఖాజా మళ్లీ కత ఎత్తుకున్నాడు. కురబాయన వచ్చాడు. ఆయన వెనుక ఈసారి ఐదొందల గొర్రెలు వచ్చాయి, కుండ ఏనుగంత అయింది, దారిలో ఒక చిరుతపులి అడ్డం వచ్చి ఆయన లుంగీ కూడా తినింది. సకీనమ్మ తాగింది. రహీం తాగాడు. కుప్పం పెద్దమనిషి కళ్లు తుడుచుకుని రెండో లోటా అడిగాడు.

గుల్జార్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గంగులప్పతో అంది, "సూడన్నా, కురబాయనకు లుంగీ యాడిదంట? నోరు తెరిస్తే అబద్ధాలే ఈ మనిషికి!"