నాలుగో బోల్టు

"ఒక్క ఆదివారం చాలన్నారు. ఇది రెండో ఆదివారం. నా కారు ఇంకా నోరు తెరుచుకునే ఉంది!"

గేటు తోసుకుని వస్తూనే అంది డ్రైవింగ్ టీచరు. బానెట్ ఎత్తిన కారు కింద పక్కింటి లిఫ్టు మెకానిక్ కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఆ కాళ్ళకే చెప్పింది.

"కొత్త ఏసీ కంప్రెసర్ కూర్చోబెట్టాను. మూడు బోల్టులు బిగించాను. నాలుగోది లేదు," అన్నాయి కాళ్ళు.

"లేదంటే?"

"ఆర్డర్ పెట్టాను. వస్తోంది."

"ఎలా, నడిచొస్తోందా?"

"కారు లేదుగా మరి. నడిచే రావాలి."

కోపంగా ఉందామనుకున్న మనిషి కాస్తా పకపకా నవ్వేసింది. కారు కింద కుర్రాడు కళ్ళు మూసుకుని ఆ నవ్వు విన్నాడు. అసలు ఆ నవ్వు కోసమే నాలుగో బోల్టు ఇంట్లో అతను విడిచిన చొక్కా జేబులో దాగుంది.

ఎండలు ముదిరాక ఆమె కారు ఏసీ వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. కంప్రెసర్ పోయిందన్నారు. "ఇంటి దగ్గరే మార్చేస్తాను, నాకు వదిలెయ్యండి" అని మాటిచ్చాడు కుర్రాడు. ఆమె చేతే కారు నడిపించుకుని షాపుకెళ్ళి పాత గ్యాస్ తీయించాడు. బెల్టు విప్పాడు. పైపులు విడదీసి, దుమ్ము పడకుండా మూతులకు గుడ్డలు కట్టాడు. అంతవరకూ నిజాయితీగానే చేశాడు. చివరి బోల్టు చేతిలోకి తీసుకున్నాక బుద్ధి గడ్డి తింది. ఇది బిగిస్తే రేపట్నుంచి ఆమె ఎందుకొస్తుంది?

"స్వామీ, ఆ పిల్ల కారు తొందరగా బాగుపడేట్టు చూడు," అని అమ్మ రోజూ దీపం ముందు చేతులు జోడించేది. పక్కనే నిలబడి కొడుకు "ఇంకొక్క రోజు" అని మొక్కుకునేవాడు. ఒకే దీపం ముందు రెండు మొక్కులు! పైనున్నాయన ఏది ముందు వింటాడో మనకేం తెలుసు?

ఆ ఆదివారం మాత్రం అమ్మదే విన్నాడు.

"ఒరేయ్, ఉతకడానికి నీ చొక్కా తీస్తే ఇది దొరికిందిరా," అంటూ అమ్మ వాకిట్లోకొచ్చింది. ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో బోల్టు. "నాలుగు రోజులుగా చొక్కా మారినా ఇది మారట్లేదు. తాయెత్తేమిట్రా?"

"ఇలా ఇవ్వండి ఆంటీ," అంది టీచరు. బోల్టు పట్టుకుని వంగి, బిగించి ఉన్న మూడింటి పక్కన పెట్టి చూసింది. నాలుగూ తోబుట్టువుల్లా ఉన్నాయి.

"ఇదేనా నడిచొస్తున్నది?"

కుర్రాడు నుదుటి మీద గ్రీజుతో బయటికి పాకాడు. "అది... మీరు రోజూ వస్తారని..."

"నా దగ్గర ముగ్గురే నేర్చుకుంటున్నారు. వాళ్ళలో పోస్టాఫీసు అక్క కారు లేదని నిన్న వేరే స్కూల్లో చేరిపోయింది. నీకిది సాయంత్రం కాలక్షేపం. నాకు బతుకు." మీరు కాస్తా నువ్వైంది. "రేపు సాయంత్రం కారు తీసుకెళ్తాను. మళ్ళీ ఈ గేటు తీయను."

ఆమె వెళ్ళిపోయాక అమ్మ టీ కప్పు అక్కడే పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది అతనికి.

మర్నాడు పొద్దున్నే బోల్టు బిగించాడు, పైపులు కలిపాడు, బెల్టు ఎక్కించాడు. ఫ్రిజ్ మెకానిక్‌ని అడిగి తెచ్చిన పంపుతో పైపుల్లో గాలంతా లాగేసి, గ్యాస్ నింపాడు. చేతులు కడుక్కుని బయల్దేరాడు.

"ఎక్కడికిరా?" అంది అమ్మ.

"తప్పు ఒప్పుకోవడానికి."

సాయంత్రం టీచరు వచ్చింది. అతని వంక చూడకుండా కారెక్కి ఏసీ నొక్కింది. కంప్రెసర్ టక్కుమని అందుకుంది. చల్లగాలికి ఆమె ముంగురులు కదిలాయి, ముఖం మాత్రం కదల్లేదు.

అంతలో ఫోన్ మోగింది. పోస్టాఫీసు అక్కది కౌంటర్ గొంతు, వాకిలంతా వినిపించింది.

"మీ మెకానిక్ ఇవాళ మా ఆఫీసుకొచ్చాడు టీచరమ్మా! క్యూలో నిలబడి మరీ! తప్పు మీది కాదట, బోల్టు తనే దాచాడట, మీ దగ్గరే నేర్చుకోమన్నాడు. 'ఎందుకు దాచావు బాబూ' అని వెనకాల పెద్దాయన అడిగితే, 'ప్రేమించి' అన్నాడు. క్యూ అంతా చప్పట్లు! నేను రేపట్నుంచి వచ్చేస్తున్నా."

ఫోన్ పెట్టేసి టీచరు అతని వైపు తిరిగింది.

"నాకు చెప్పాల్సింది క్యూకి చెప్పావా?"

"పెద్దాయన అడిగాడు. అబద్ధాలాడ్డం నిన్నటితో మానేశాను."

ఆమె పెదవి బిగబట్టింది. నవ్వు ఆగలేదు.

"నీకు డ్రైవింగ్ వచ్చా?"

"లిఫ్టులకి స్టీరింగ్ ఉండదు."

"అయితే ఎక్కు," అంటూ పక్క సీట్లోకి జరిగింది. కుర్రాడు దేవుడి గదిలోకి అడుగుపెట్టినంత భయంగా స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

అమ్మ మెట్ల మీదకొచ్చింది. "వీడికి నేర్పాలంటే ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

టీచరు కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"చాలా కాలమే పట్టేట్టుంది అత్తయ్యా."

కుర్రాడి కాలు క్లచ్ మీంచి జారింది. కారు ఒక్క గెంతు గెంతింది. ఆమె తన వైపున్న, నేర్పేవాళ్ళ కోసం పెట్టిన రెండో బ్రేకు తొక్కి పట్టి, "రోడ్డు చూడు," అంది. "నన్నెందుకు చూస్తావు?"