తొమ్మిదో నంబరు సీసా

ఏజెంట్ త్రినాథరావుకు ఆ అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు చీఫ్ ఫైలు మీంచి తలెత్తలేదు.

"ఈసారి నీకు మారువేషం అక్కర్లేదు," అన్నాడు.

నిజమే. ఊడిన జుట్టు, పీక్కుపోయిన మొహం, లక్షలో ఒకరికి వచ్చే కండరాల క్యాన్సర్, అన్నీ ఒరిజినలే. పుట్టి పెరిగింది కూడా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్ల మధ్యే.

"బిలాస్‌పూర్‌లోనే, మంగ్లాలో ఒక ఆసుపత్రి. నీ జబ్బుకే కొత్త మాత్ర, క్లినికల్ ట్రయల్. పద్నాలుగు మంది పేషెంట్లు. మామూలు వైద్యం అందరికీ ఉంటుంది. దానికి తోడు సగం మందికి అసలు మాత్ర, సగం మందికి పంచదార మాత్ర. ఎవరికేదో డాక్టరుకి కూడా తెలియదు. ఆ జాబితా, ఒక అసలు సీసా విదేశీ ముఠాకి కావాలి. జాబితా పొక్కితే ట్రయల్ రద్దు. పద్నాలుగు మందీ ఇంటికే."

"నాతో కలిపి," అన్నాడు త్రినాథరావు.

"నీతో కలిపే. అక్కడ కోఆర్డినేటర్ రాజశ్రీ మన మనిషి. సీసాల మూతల్లో ట్రాకర్లు పెట్టించాను. ఆ సంగతి ఆమెకి కూడా చెప్పకు."

చీఫ్ తన నీడను కూడా నమ్మడు. త్రినాథరావు సరేనన్నాడు. భయం వేయలేదు. రిపోర్టు చదివిన రోజు నుంచి అతనికి ఏదీ అనిపించడం లేదు. అన్నం తిన్నా అంతే, తినకపోయినా అంతే.

ఆసుపత్రిలో నీలం షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు ఎదురొచ్చాయి. రోగులు సైతం ఒకసారి తల దువ్వుకునే అందం.

"బండి రైట్ టైమేనా?" అన్నాడతను.

"అవుటర్‌లో ఆగింది," అంది రాజశ్రీ. కోడ్ సరిపోయింది. ఏడో నంబరు సీసా అతని చేతిలో పెట్టింది.

నెల గడిచింది. ఐదో వారం శనివారం ఉదయం, మాత్రలు లెక్కపెట్టాలంటూ రాజశ్రీ అందరి సీసాలూ తీసుకుని లోపలికి వెళ్లింది. త్రినాథరావు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే తొమ్మిదో నంబరు పేషెంటు బుజ్జమ్మ, చనిపోయిన రైల్వే గార్డు ఎర్రయ్య భార్య, క్యారియరు విప్పింది.

"ఏటి బాబూ, అలాగ కూకున్నావు? రెండు మెతుకులు తిను."

"కడుపులో ఏటీ నిలవట్లేదు పిన్నీ. ఐదు రోజులై ఒకటే వాంతులు."

"అచ్ఛా," అంది బుజ్జమ్మ. ఎందుకో ఆవిడ మొహం విప్పారింది.

అప్పుడే అతని చేతి గడియారం సన్నగా వణికింది. తెర మీద తొమ్మిదో నంబరు చుక్క ఆసుపత్రి గేటు దాటి ఉస్లాపూర్ వైపు పోతోంది. రాజశ్రీ కుర్చీ ఖాళీ. డబుల్ ఏజెంట్.

ఆటో ఎక్కి ఉస్లాపూర్ స్టేషన్ చేరేసరికి కట్నీ వైపు బండి కదులుతోంది. ఏసీ బోగీ తలుపులోంచి తోలు గ్లవుజు వేసుకున్న చెయ్యి ఒకటి బయటికి చాచి ఉంది. పక్కనే పరుగెడుతూ రాజశ్రీ జాబితా కవరూ, సీసా అందించబోతోంది. రెండు అంగుళాల దూరంలో త్రినాథరావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బండి ఖాళీ చెయ్యితోనే వెళ్లిపోయింది. తర్వాతి స్టేషన్లో, అతని కబురందుకున్న బ్యూరో వాళ్లు ఆ చేతి మనిషి కోసం కాచుకుని ఉన్నారు.

"జాబితా చూశాను," అంది రాజశ్రీ రొప్పుతూ. "నీకిచ్చింది పంచదార. అసలు మందు ఈ సీసాలో ఉంది. నువ్వుంచుకో. నన్ను వదిలెయ్."

కోపం రావాలి. ఆశ పుట్టాలి. ఏదీ లేదు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ బేడీలు వేసింది.

ఆమెను రైల్వే పోలీసులకి అప్పగించి, తిరుగు ఆటోలో సీసా మూత ఒకసారి తిప్పాడు. ఎవరూ చూడరు. మళ్లీ బిగించాడు. మంగ్లా మలుపులో ఆటో ఆపించి వాంతి చేసుకున్నాడు.

సీసా బుజ్జమ్మ చేతిలో పెడితే ఆవిడ సంతోషించలేదు.

"దీనికోసమా పరిగెట్టినావు? దీన్లో ఉన్నది పంచదారే గదా. సోమారం నువ్వు స్కానింగుకెల్లినప్పుడు నీ సంచి నాకాడే ఉంది. సీసాల్లో మాత్రలు మార్చీసినాను."

"ఎందుకు పిన్నీ?"

"నెల్నాళ్లూ నాకే వాంతులు. నీకు ఒక్కటీ అవనేదు. కక్కించిందే అసలు మందని నాకు తెలీదేటి? నాకు అరవై ఎనిమిది. నువ్వింకా నలభై దాటనేదు. మ్యూచువల్ బదిలీ పెట్టుకున్నామనుకో. మా ఆయన అలాగే గదా ఇంకో గార్డు పలాస కోరుకుంటే, ఆడి చోటికి ఈ ఊరొచ్చినాడు."

ముఠా ఇన్నాళ్లు కొండ తవ్వి పట్టబోయిన ఎలుక అదీ. త్రినాథరావు నవ్వబోయాడు. ఎన్నో నెలల తర్వాత అతనికి దుఃఖం వచ్చింది. ఈవిడ తన బతుకు తీసి పక్కవాడి సంచిలో పడేసి, పులిహోర తింటూ కూర్చుంది.

కోఆర్డినేటర్ బల్ల మీంచి ఏడో నంబరు సీసా తెచ్చాడు. రెండింటినీ కాగితాల మీద ఒంపి, ఎవరివి వాళ్ల సీసాలో పోశాడు.

"మ్యూచువల్‌కి ఇద్దరి సంతకాలూ ఉండాల పిన్నీ. నాను పెట్టనేదు."

బుజ్జమ్మ చాలాసేపు తిట్టింది. తర్వాత సీసా కొంగున ముడేసుకుంది. మాత్రలు మారిన ఐదు రోజుల సంగతి ఇద్దరూ వెళ్లి డాక్టరుకి చెప్పారు. ఏ సీసాలో ఏముందో మాత్రం త్రినాథరావు పెదవి విప్పలేదు. జాబితా కవరుకి సీలు వేసి, చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ట్రయల్ సేఫ్ సార్."

"గుడ్. నీ ఒంట్లో ఎలా ఉంది?"

"రేపటి నుంచి వాంతులుండవు సార్."

"వెరీ గుడ్," అన్నాడు చీఫ్. ఫైలు మూసిన చప్పుడు వినిపించింది.