నలభై రెండో పేపరు

ఇలా వచ్చి నా పక్కన కూర్చోవే తల్లీ. ఆ లెక్కల పుస్తకం మూసెయ్యక్కర్లేదు, పేజీలో పెన్ను పెట్టి ఉంచు. పరీక్షలు ఎక్కడికీ పారిపోవు, పారిపోయేదాన్ని నేనే. నీకో ప్రేమ కథ చెప్పాలి. మొహం అలా పెట్టకు! అమ్మమ్మ నోట ప్రేమ కథేంటి అనుకుంటున్నావు గదూ? ముప్పై ఏళ్ళు హైస్కూల్లో గంట కొట్టినదాన్ని. ఎవరు ఎవరి వైపు ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టి చెప్పగలను. కానీ ఇదొక్కటి మాత్రం నా చేతి మీదుగా పాడైపోయింది.

నేను ఆయానని నీకు తెలుసు. గంట కొట్టడం, తాళాలు తియ్యడం, పరీక్షలప్పుడు జవాబు పేపర్లు లెక్కపెట్టి దారంతో కట్ట కుట్టడం నా పని. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం వచ్చు. చిన్నప్పుడు ఇటుక బట్టీలో మా నాన్న వెనకాలే తిరుగుతూ ఇటుకలు లెక్కపెట్టి నేర్చుకున్నాను. వెయ్యి ఇటుకల్లో ఒక్కటి తగ్గినా పట్టేసేదాన్ని. ఆ పొగరు నాకు నిండా ఉండేది.

పదో తరగతికి లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉండేది. పాతికేళ్ళుంటాయేమో. మనిషి సన్నం, గొంతు కంచు. రెండో గంట కొట్టాక పేపరు ఇస్తే ముట్టుకునేది కాదు. "టైమంటే టైమే" అనేది. ఆవిడకు సరిగ్గా వ్యతిరేకం, ఆ ఏడు కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారు. పొడుగ్గా ఉండేవాడు. మెళ్ళో విజిల్, నోట్లో జోకు.

వాళ్ళ మొదటి మాటే పోట్లాట. ఆయన పిల్లల్ని గ్రౌండులో పది నిమిషాలు ఎక్కువ ఉంచేశాడు. టీచరమ్మ ఖాళీ బెంచీల ముందు చాక్‌పీసు పట్టుకుని ఎదురుచూసి, ఎదురుచూసి, వరండాలోకి వచ్చింది.

"నా పీరియడ్ మీ గ్రౌండు తినేసింది సార్."

"గంట వినపడలేదండీ."

"ఆయమ్మ కొట్టిన గంట పక్క వీధిలో వాళ్ళకి కూడా వినపడుతుంది."

"పక్క వీధిలో వాళ్ళు ఆడుకోవట్లేదు కదండీ, అందుకని వినపడుతుంది."

పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు. కానీ బోర్డు వైపు తిరిగాక పెదవి కొరుక్కోవడం కిటికీలోంచి నేను చూశాను.

మర్నాటి నుంచి ఆయనకు చాక్‌పీసుల జబ్బు పట్టుకుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. "టీచర్ గారూ, ఒక చాక్‌పీసు!" అంటూ గుమ్మంలో ప్రత్యక్షం.

ఒకరోజు ఆవిడ అడగనే అడిగింది. "గ్రౌండులో గీతలు సున్నంతో వేస్తారు కదా, మీకు చాక్‌పీసెందుకు?"

అంత మాటకారికి ఒక్క మాట కూడా రాలేదు! చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అప్పుడే అర్థమైంది నాకు, ఈయన నవ్వించడానికే నోరు తెరుస్తాడు గానీ అసలు మాట దగ్గర మూగవాడని.

"సార్, ఆ చాక్‌పీసులన్నీ ఏం చేస్తున్నారు? మింగుతున్నారా?" అన్నాను వరండాలో.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు ఆయమ్మా?" అని నవ్వుతూ పోయాడు.

చలికాలం సెలవులకు ముందు పదో తరగతిని లైట్‌హౌస్‌కు ట్రిప్ తీసుకెళ్ళాం. నలభై ఒక్క మంది పిల్లలు, టీచరమ్మ, డ్రిల్లు మాస్టారు, నేను. పిల్లలందరికీ పసుపు రంగు టోపీలు ఇచ్చారు, గుంపులో తప్పిపోకుండా. లైట్‌హౌస్ దిగేసరికి వాన దంచికొట్టింది. అందరం తడిసి ముద్దై బస్సులో పడ్డాం. నేను టోపీలు లెక్కపెట్టాను. నలభై రెండు వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. నలభై రెండే!

తగ్గితే భయపడతారు గానీ పెరిగితే ఎవరైనా భయపడతారా? టీచరమ్మ భయపడింది. మొహం పాలిపోయింది. "అయ్యో, ఎవరి పిల్లాణ్ణి ఎక్కించుకొచ్చామే ఆయమ్మా! వాళ్ళమ్మ అక్కడ వానలో వెతుక్కుంటూ ఉంటుంది. డ్రైవర్ గారూ, బస్సు ఆపండి!"

అప్పుడు ఆఖరి సీట్లో మోకాళ్ళు మడుచుకుని, నెత్తిమీద చిన్న పసుపు టోపీ పెట్టుకుని కూర్చున్న ఒకడు చెయ్యెత్తాడు. "ప్రెజెంట్ టీచర్! నలభై రెండోవాణ్ణి నేనే."

బస్సంతా గొల్లుమంది. టీచరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో, ఊరటో. వాన నీళ్ళు అనుకున్నారు పిల్లలు. ఆయన మాత్రం అలా అనుకోలేదు. టోపీ తీసేసి ముందు సీటు దాకా వచ్చాడు.

"సారీ అండీ. ఇంత భయపడతారనుకోలేదు."

"మీకూ ఒక రోల్ నంబరు ఇవ్వాలా సార్?"

"ఇవ్వండి. నలభై రెండు ఖాళీగానే ఉంది."

"ఇస్తే హోంవర్కు చెయ్యాలి."

"చేస్తాను."

"పరీక్ష కూడా రాయాలి."

"రాస్తాను," అన్నాడు. ఈసారి నవ్వకుండా అన్నాడు.

ఆవిడ కిటికీ అద్దానికి పట్టిన ఆవిరి చేత్తో తుడుచుకుంటూ బయటికి చూసింది. బయట వాన తప్ప ఏమీ లేదు. అయినా స్కూలు వచ్చేదాకా చూస్తూనే ఉంది. ఆ రోజు నుంచి ఎవరూ లేనప్పుడు ఆయన్ని "నలభై రెండు గారూ" అని పిలిచేది.

ఇక్కడిదాకా బాగుంది కదూ? ఇక్కడే ఆపేస్తే ఎంత బాగుండేది.

ఇప్పుడు నా గొడవ ఒకటి వినాలి. అంతకు ముందు అర్ధసంవత్సరం పరీక్షల్లో ఎనిమిదో తరగతి కట్టలో ఒక ఎక్స్‌ట్రా పేపరు దూరింది. ఎవడో ఖాళీ పేపరు రఫ్ కోసం వాడి అందులో వదిలేశాడు. హెడ్మాస్టరు అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేశాడు. "కట్టలో పిల్లల సంఖ్యకు మించి పేపరు కనిపిస్తే కాపీ కొట్టారంటారు, పేపరు బయటికి పోయిందంటారు. ఇంకోసారి లెక్క తప్పిందా, గంట ఇంకొకరు కొడతారు!" మీ అమ్మ అప్పుడు పాలు తాగే పిల్ల. ఆ మాట నాకు నిద్రలో కూడా వినపడేది.

పెద్ద పరీక్షకు ముందు ప్రీఫైనల్ వచ్చింది. లెక్కల పేపరు రోజు పదో తరగతి గదిలో డ్రిల్లు మాస్టారిదే డ్యూటీ. రెండో గంట కొట్టి నేను వెళ్ళేసరికి పేపర్లన్నీ సర్ది పెట్టాడు. నా చేతికిస్తుంటే ఆయన చెయ్యి చల్లగా తగిలింది.

"జాగ్రత్త ఆయమ్మా. ఈ కట్ట టీచరమ్మకే, నీ చేత్తోనే ఇవ్వు."

"ఎప్పుడు ఇవ్వలేదు సార్?" అన్నాను.

స్టోర్ రూములో కూర్చుని లెక్కపెట్టాను. నలభై రెండు. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. ఒక్కో పేపరు తీసి నంబరు చూశాను. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా వరసగా ఉన్నాయి. అట్టడుగున ఒకటి. నంబరు గడి ఖాళీ. పైన ఏవో అక్షరాలు, కింద సగం పేజీ రాత, వెనకంతా తెలుపు. నాకు అక్షరాలు రావని చెప్పాను కదా. ఎవడో రఫ్ పేపరు మళ్ళీ కట్టలో పడేశాడనుకున్నాను. నా ఉద్యోగం మీదికి తెస్తున్నారు వెధవలు అని తిట్టుకుంటూ దాన్ని లాగేసి, వెనక తెల్లగా ఉంది కదా, ఎవరికైనా పనికొస్తుందని రఫ్ కాగితాల బీరువాలో అడుగున పెట్టాను. నలభై ఒకటి దారంతో కుట్టి టీచరమ్మ చేతిలో పెట్టాను. ఎంత నిశ్చింతగా పెట్టానో!

సోమవారం క్లాసులో పేపర్లు పంచింది. కట్ట మోసుకెళ్ళి నేను కూడా అక్కడే ఉన్నాను. గుమ్మంలో డ్రిల్లు మాస్టారు వచ్చి నిలబడ్డాడు. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, విజిల్ లేదు. చాక్‌పీసు కూడా అడగలేదు. ఆవిడ ఒక్కో నంబరు పిలుస్తుంటే వింటూ నిలబడ్డాడు. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

"అంతే, అయిపోయాయి," అని ఆవిడ చేతులు దులుపుకుంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకొకటి ఉండాలేమో టీచర్ గారూ."

"లేదు సార్, నలభై ఒకటే. కావాలంటే ఆయమ్మనడగండి. ఆవిడ లెక్క తప్పదు."

ఆయన నా వైపు చూశాడు. నేను, తల్లీ, నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. "నలభై ఒకటే సార్! నేనే కుట్టాను. ఒక్కటి ఎక్కువుండదు, ఒక్కటి తక్కువుండదు."

ఆయన తలూపాడు. చిన్నగా నవ్వాడు కూడా. "సరే అండీ. థాంక్స్," అని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే వేరే ఊరి స్కూల్లో చేరిపోయాడని తెలిసింది.

"చెప్పకుండా పోయాడు చూశావా ఆయమ్మా," అంది టీచరమ్మ ఒకరోజు, చాక్‌పీసుల డబ్బా మూత పెడుతూ. "ఆ మాటలన్నీ బస్సులో పిల్లల్ని నవ్వించడానికే అన్నమాట. నేనే ఏదో అనుకున్నాను."

"ఉత్తరం రాయొచ్చు కదమ్మా?"

"నేనెందుకు రాయాలి? వెళ్ళినాయన రాయాలి."

ఆయనేమో జవాబు వచ్చేసిందనుకున్నాడు. ఈవిడేమో ప్రశ్నే రాలేదనుకుంది. మధ్యలో బీరువా తాళంచెవి నా కొంగుకే వేలాడుతోంది.

ఏడేళ్ళు గడిచాయి. టీచరమ్మ హెడ్మిస్ట్రెస్ అయింది. పెళ్ళి మాట ఎత్తితే పిల్లల పరీక్షల మాట ఎత్తేది. ఒక సాయంత్రం స్పెషల్ క్లాసులో పిల్లలకు రఫ్ కాగితాలు చాల్లేదు, బీరువా అడుగు దాకా ఊడ్చి ఇచ్చాను. ఒక పిల్ల లెక్క చేసి చూపించడానికి తెచ్చింది. ఆవిడ దిద్దింది. దిద్ది కాగితం వెనక్కి తిప్పింది.

పిల్లల్ని ఇంటికి పంపేసింది. నన్ను పిలిచింది.

"ఇది ఎక్కడిది?"

చెప్పాను. "ఏముందమ్మా అందులో?"

ఆవిడ పాఠం చెప్పే గొంతుతోనే చదివింది. "పేరు, నలభై రెండు. మొదటి ప్రశ్న. ఒక డ్రిల్లు మాస్టారు రోజుకు మూడు చాక్‌పీసుల చొప్పున తొమ్మిది నెలలు తీసుకున్నాడు. ఒక్కటీ వాడలేదు. అతనికి కావలసింది ఏమిటి? జవాబు, చాక్‌పీసులు కావు. రెండో ప్రశ్న. నన్ను పెళ్ళి చేసుకుంటారా? దీనికి జవాబు నేను రాయలేను, మీరే రాయాలి. వేరే ఊరి స్కూలు వాళ్ళు రమ్మంటున్నారు. సోమవారం సాయంత్రంలోగా చెప్పాలి. పేపర్లు పంచేటప్పుడు నన్ను కూడా పిలిస్తే, సున్నా మార్కులు వేసినా సరే, ఉండిపోతాను. పిలవకపోతే అర్థం చేసుకుంటాను. మళ్ళీ ఈ మాట ఎత్తి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

"ఆ రోజు కట్టలో ఎన్నున్నాయి ఆయమ్మా?"

"నలభై రెండమ్మా."

"క్లాసులో పిల్లలు?"

"నలభై ఒకటి."

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టింది. "అయితే నువ్వు కరెక్టే చేశావు," అంది.

చెంప మీద కొట్టినా బాగుండేది తల్లీ.

ఆ మర్నాటి నుంచి రోజూ ఆఖరి గంట కొట్టాక నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ ఏడే మా గ్రౌండులో స్కూళ్ళ మధ్య ఆటల పోటీలు జరిగాయి. ఆయన వచ్చాడు, వాళ్ళ టీముతో. భుజం మీద కూతురు, నాలుగేళ్ళది. వాళ్ళావిడ కూడా పక్కనే ఉంది, నెమ్మదైన మనిషి.

"ఏం ఆయమ్మా, ఇంకా లెక్క తప్పట్లేదా?" అన్నాడు నవ్వుతూ.

నేను నోరు తెరిచాను. మాట పెదవి దాకా వచ్చేసింది.

"ఆయమ్మా, గంట టైమయింది," అంది వెనకనుంచి హెడ్మిస్ట్రెస్.

ఇంకా పావుగంట ఉంది. అయినా వెళ్ళి కొట్టాను. కొడుతూనే వింటున్నాను.

"బాగున్నారా?" అన్నాడాయన.

"బాగున్నాను. చాక్‌పీసు ఏమైనా కావాలా?"

"వద్దండీ. ఇప్పుడు సున్నంతోనే వేస్తున్నాం."

వాళ్ళ బస్సు వెళ్ళాక ఆవిడ దగ్గర ఏడ్చాను. "ఒక్క మాట చెప్పనివ్వాల్సిందమ్మా. మీరు కాదన్నారనే అనుకుంటూ బతుకుతున్నాడు."

"ఆయన లెక్క ఎలాగో సరిపోయింది ఆయమ్మా. ఇప్పుడు మనం వెళ్ళి తప్పించొద్దు. నేనున్నంత కాలం ఎవరికీ చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను. ఇరవై రెండేళ్ళు నోటికి తాళం వేసుకున్నాను. పోయిన నెల ఆవిడ పోయింది. స్కూల్లో ఆవిడ టేబులు సొరుగు సర్దడానికి నన్నే పిలిచారు. ఆ కాగితం అక్కడే ఉంది, నాలుగు మడతల్లో. విప్పి, కూడబలుక్కుని, నా అంతట నేనే చదివాను. రెండో ప్రశ్న కింద ఎర్ర సిరాతో ఒక్క మాట ఉంది. "అవును." ఎప్పుడు రాసిందో తారీఖు వెయ్యలేదు.

ఆ డ్రిల్లు మాస్టారు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో కూడా నాకు తెలీదు. నా మాట తీరిపోయింది, నాకేమో ఓపిక లేదు. అందుకే నీకు అప్పజెబుతున్నాను. నువ్వు గుర్తుపెట్టుకో. నలుగురికీ చెప్పు, వాళ్ళు ఇంకో నలుగురికి చెబుతారు, ఏదో ఒక రోజు ఆయన చెవిన పడకపోదు. చెప్పేటప్పుడు నన్ను వెనకేసుకు రాకు. ఆ రోజు కట్టలో ఎన్ని పేపర్లున్నాయని ఎవరైనా అడిగితే, నలభై రెండని చెప్పు.