అవ్వ ఆకుసంచి

"దిగండి! అందరూ బండి దిగండి!"

సుంకం జవాను కర్రతో జట్కా చక్రాన్ని తట్టాడు. బండిలో వల్లి అవ్వ ఒళ్ళోని ఆకుసంచి వైపు చూసింది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఎదురుగా ఏటి వంతెన, దాని అవతల కడలూరు.

పొద్దున ఈ ప్రయాణం ఊసే లేదు. జూలై పద్నాలుగు, ఫ్రెంచివారి పండగ. పుదుచ్చేరిలో మిల్లుకీ బడికీ సెలవు. వల్లి నాయన చెల్లప్పన్ చాప మీద నుంచి లేస్తూనే అవ్వతో, "అమ్మా, కడలూరు కోట చూసొద్దామా?" అన్నాడు. చెంగమ్మ అవ్వ పుట్టింది ఆ పాత కోట పక్కనే. పెళ్ళయి వచ్చాక మళ్ళీ చూడలేదు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, పులిహోర గిన్నె, బట్టల మూట సర్దుకుని బండెక్కింది.

పుదుచ్చేరి ఫ్రెంచివారిది. కడలూరు ఇంగ్లీషువారిది. ఇక్కడి సరుకు అక్కడికి తీసుకుపోతే సుంకం కట్టాలి. "ముసలోళ్ళ సంచులు ఎవరూ చూడరు" అని బడిలో పిల్లలు చెప్పుకొనేవారు. అందుకే పక్కింటి అంబుజం అత్త ఇచ్చిన సెంటు సీసాను వల్లి అవ్వ ఆకుసంచిలో దూర్చింది. కడలూరులో మేనత్త కూతురు పాప్పాకి చూపించి గొప్పలు పోవాలి!

బండి కుదుపులకి సీసా బిరడా వదులైంది. జవాను సంచి విప్పి ముక్కు ఎగబీల్చాడు.

"ఏంది ముసలమ్మా, నీ తమలపాకులకి రోజాపూల వాసన?"

సీసా బయటపడింది.

"దొంగసరుకు!"

నాయన తెల్లబోయాడు. "అమ్మా, నీకు సెంటేందికి?"

అవ్వ వల్లి వైపు చూసింది. వల్లి నాయన వెనక్కి జరిగింది.

"ముసలిదానికి ఆశ ఉండకూడదా ఏంది? అది నాదే" అంది అవ్వ.

"అయితే సుంకం దొర వచ్చేదాకా ఇక్కడే కూర్చో."

దొర భోజనానికి వెళ్ళాడు. ఎంతకీ రాడు. రేకుల పంచలో అవ్వ కూలబడింది. నిన్న చీకటిపడేదాకా మిల్లులో మగ్గం దగ్గర నిలబడిన నాయనకి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఇంకా ఆలీసమైతే కోట దాకా పోయి రాలేం. గుర్రం పడిపోతాది" అని బండితోలే కాళియప్పన్ గొణిగాడు.

వల్లి చెప్పాలనుకుంది. జవాను చేతిలోని కర్ర చూసి ఆగిపోయింది.

అవ్వ మోకాళ్ళు ఒత్తుకుంటూ, ఎవరితోనూ కాకుండా అంది: "చిన్నప్పుడు ఆ కోట గోడెక్కి సముద్రం చూసేదాన్ని."

చివరికి దొర వచ్చాడు. "ఈ ముసలిదేనా దొంగ?"

"కాదు!" వల్లి ముందుకు ఉరికింది. "నేనే దాచిపెడితిని. అవ్వకి తెలీదు."

దొర సీసా ఉంచేసుకుని, మందలించి వదిలేశాడు. కానీ అప్పటికే పొద్దు వాలింది. కాళియప్పన్ ఏమీ అడగకుండానే బండిని పుదుచ్చేరి వైపు తిప్పాడు. నాయన తిట్టను కూడా తిట్టలేదు. అంత ఓపిక లేదు.

ఫ్రెంచి చౌకీ దగ్గర జవాను కునికిపాట్లు పడుతున్నాడు. "పోండి, పోండి" అని చెయ్యి ఊపాడు.

వల్లి బండిలోంచి దూకింది. పులిహోర గిన్నె మూత తీసింది. బట్టల మూట విప్పింది. తర్వాత తల వంచుకుని చెయ్యి చాపింది.

"అవ్వా, సంచి ఇస్తావా?"

అవ్వ ఇచ్చింది. వల్లి దాన్ని జవాను ముందు పూర్తిగా తెరిచింది.

"నిన్నెవరు అడిగినారు పాపా?"

"చూడు మామా."

జవాను వంగి చూశాడు. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ. అంతే.

వల్లి సంచి తిరిగి ఇవ్వబోయింది. అవ్వ అప్పటికే కళ్ళు మూసుకుంది.

"నీ దగ్గరే పెట్టుకో. మళ్ళీ సెలవొస్తే కోటకి పోవాల గదా" అంది, కళ్ళు తెరవకుండానే.