మూడు కొడితే మూడు కొట్టాలి

మా నూనె కంపెనీలో కాంట్రాక్టు మనిషిని గుర్తుపట్టడం చాలా తేలికండి. పర్మినెంటు వాళ్ళకి నీలం చొక్కా, పేరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటాయి. మాకు మేస్త్రీ అంకారావు తిట్లు ఉంటాయి. నేను తొమ్మిదేళ్ళు ఆ తిట్లు తిన్నాను. మూడు నెలలు నిండబోతుంటే తీసేస్తారు, వారం ఇంట్లో కూర్చోబెడతారు, మళ్ళీ కొత్తవాడిలా పిలుస్తారు. అలా చేస్తే పర్మినెంటు అడిగే హక్కు రాదట. ఏం బుర్రలండీ బాబూ!

గేటు దగ్గర ఒక చెక్క బోర్డు ఉంది. లోపలికి వెళ్ళేవాడు తన బిళ్ళ దానికి తగిలిస్తాడు, వచ్చేటప్పుడు తీసుకుంటాడు. బిళ్ళ ఉంటే మనిషి లోపలున్నట్టు. మాకు బిళ్ళల్లేవు. లోపలున్నామో లేదో అంకారావు చెప్పిందే లెక్క.

పెరటి వైపు నేలలో పాతిన పెద్ద ఇనప ట్యాంకులో పత్తిగింజల నూనె పోస్తారు. నాలుగు నెలలకోసారి దాన్ని ఖాళీ చేసి అడుగున పేరుకున్న మడ్డి తియ్యాలి. ఆ కంపుకి ఊపిరాడదు. పర్మినెంటు వాళ్ళు చస్తే దిగరు. నేనూ, గంపలగూడెం ఏసోబూ దిగేవాళ్ళం. ఒకడు లోపల, ఒకడు పైన మూత దగ్గర. మాట్లాడితే లోపల గుయ్‌మని మోగుతుందే గాని మాట తెలియదు. అందుకని దెబ్బల గుర్తులు పెట్టుకున్నాం. లోపలివాడు రేకు మీద మూడు కొడితే “ఉన్నావా?” అని. పైవాడు మూడు కొడితే “ఉన్నా” అని. ఐదు కొడితే “తాడు వెయ్యి, వచ్చేస్తా” అని. మూడు కొడితే మూడు కొట్టాలి. అన్నం తింటున్నా సరే కొట్టాలి.

ఆ రోజు మధ్యాహ్నం ఏసోబు దిగాడు. “లాల్‌భాయ్, బీడీ కాలుస్తూ నన్ను మర్చిపోకు” అని నవ్వి దిగాడు. కాసేపటికి అంకారావు వచ్చి నా భుజం తట్టాడు.

“పోరా సాయిబూ, మేనేజరు గారు రమ్మంటున్నారు. నీ పర్మినెంటు కాయితం వచ్చింది.”

“లోపల ఏసోబు ఉన్నాడండి.”

“నే చూసుకుంటాలే. పో.”

మూడు కొట్టాను. మూడు బదులొచ్చాయి. వెళ్తున్నానని మాత్రం చెప్పలేదు. ఇద్దరం కలిసి చేరాం, కాయితం నా ఒక్కడికే వచ్చింది. ఏ మొహంతో చెప్పను? సిగ్గేసింది.

ఆఫీసు వరండాలో గంట పైగా నిలబెట్టారు. సంతకం పెట్టి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ట్యాంకు మూత బిగించి ఉంది. పంపు ఆడుతోంది. నూనె పడుతున్న చప్పుడు.

“ఏసోబు ఏడండి?”

“ఎప్పుడో ఎక్కి ఇంటికెళ్ళాడు” అన్నాడు అంకారావు. నా మొహం చూడలేదు.

అప్పుడు వినపడింది. టంగ్... టంగ్... టంగ్.

“పైపులో గాలి” అన్నాడు. వెనక మేనేజరు వచ్చి నిలబడ్డాడు. “అతను వెళ్ళడం నువ్వు చూశావు కదయ్యా?” అని మెల్లగా అడిగాడు. జేబులో కాయితం గరగరలాడింది.

“చూశానండి” అన్నాను.

నా చెయ్యి కొట్టలేదండి. ఈ చెయ్యే. ఇంకో మూడు వినపడ్డాయి... తర్వాత పంపు చప్పుడొక్కటే మిగిలింది.

మర్నాడు ఏసోబు పెళ్ళాం జోజమ్మ గేటు దగ్గరికి వచ్చింది. “పైన ఉంది నువ్వే కదన్నా. బయటికొచ్చాడా?” అంది. వచ్చాడమ్మా అన్నాను. కొత్తగూడెం బొగ్గు గనులకి పోయాడేమోనని అంకారావు కథ అల్లాడు. ఆమె నా మొహమే చూస్తూ నిలబడింది. నేనే తల తిప్పుకున్నాను.

నాకు నీలం చొక్కా, బిళ్ళ, కంపెనీ క్వార్టరు వచ్చాయి. రెండు గదులు, పెరట్లో నేలలోకి కట్టిన నీళ్ళ తొట్టి, దాని మీద ఇనప మూత. మా ఆవిడ గౌసియాబీ మురిసిపోయింది. నాలుగు నెలలు ఎలాగో గడిచాయి. ఆఖరి వారం ట్యాంకులో నూనె తోడడం మొదలెట్టారు. అడుగున ఏముంటుందో ఊహించుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. సరిగ్గా ఆ రోజు నుంచే, పొద్దుగుంకి మగ్రిబు నమాజు వేళకి, మా తొట్టి మూత కింద టంగ్... టంగ్... టంగ్.

“పందికొక్కు” అన్నాను. మూత మీద రుబ్బురోలు దొర్లించి పెట్టాను. అయినా మానలేదు. కూర్చోలేను, పడుకోలేను, గడపకీ పెరటికీ తిరగడమే.

ట్యాంకు తెరిచే ముందు రోజు సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. నేను గదిలో చెవులు మూసుకుని ఉన్నాను. అయినా వినపడింది. మూడు. వెంటనే, పైనుంచి... ఇంకో మూడు.

ఒక్క గెంతులో పెరట్లోకి వెళ్ళాను. గౌసియాబీ చేతిలో గరిటె.

“ఏం చేశావే!”

“పాపం, వారం నుంచి కొడుతోంది. ఎవరో పిలిచినట్టే ఉంది. ఊరికే బదులు కొట్టా” అంది. నా మొహం చూసి గరిటె జారవిడిచింది.

చప్పుడు లేదు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మెల్లగా వాసన మొదలైంది... కుళ్ళిన మడ్డి వాసన. మా ఇంట్లో ఆ వాసన ఎందుకుంటుంది?

టంగ్. టంగ్. టంగ్. టంగ్.

ఇంకొకటి.

“ఐదు కొట్టిందేంటండీ?” అని గుసగుసలాడింది.

రోలు దొర్లించాను. మూత ఎత్తాను. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. బొక్కెన తాడు విప్పి లోపలికి వదిలాను. “ఏసోబూ... నేనే...” అన్నాను.

తాడు బిగిసింది.

బరువు. మనిషి బరువు. అరచేతులు ఒరుసుకుపోతున్నా లాగాను. ఏడుస్తూ లాగాను. ఉన్నట్టుండి తేలికైపోయింది. వెల్లకిలా పడ్డాను. తాడు కొస జిడ్డుగా ఉంది. అంతే... ఎవరూ లేరు.

“యా అల్లా” అంది గౌసియాబీ, ఇంట్లోకి చూస్తూ. గుమ్మం నుంచి గది దాకా నూనె మరకలు. గోడకి తగిలించిన నా నీలం చొక్కా లేదు. జేబులో బిళ్ళతో సహా పోయింది.

తెల్లవార్లూ తొట్టి పక్కనే కూర్చున్నాం. నేను నిశ్చయించుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ, ముందు మేనేజరుకి, తర్వాత జోజమ్మకి నిజం చెప్పేస్తాను. ఆరింటి షిఫ్టుకి గేటు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“నువ్వు... ఇందాకే లోపలికెళ్ళావు కదా లాల్‌భాయ్?”

“నేనా?”

“తలొంచుకుని వెళ్ళావు. అదిగో నీ బిళ్ళ.”

బోర్డు మీద నా పేరున్న బిళ్ళ వేలాడుతోంది. దాని నుంచి నూనె బొట్టు బొట్టుగా కారుతోంది.

“ట్యాంకులో ఏమైనా... దొరికిందా?” అన్నాను.

“ఏం దొరకలేదంట. చీకటితోనే మూత తీసి చూశారు, ఉత్త మడ్డి. మేస్త్రీకి నమ్మకం కుదరక తనే దిగాడు. పైన నువ్వుంటానన్నావుగా, ఇంకెవరినీ ఉండనివ్వలేదు.”

“గేటు తియ్యి, భాయ్! తియ్యి!”

“లోపలున్న మనిషిని మళ్ళీ ఎలా పంపనయ్యా?” అన్నాడు. తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

అంతలో పంపు ఆడడం మొదలైంది. పెరటి వైపు నుంచి టంగ్... టంగ్... టంగ్. ఆగి, మళ్ళీ మూడు. గబగబా, లెక్క లేకుండా. ఎవరూ బదులు కొట్టలేదు.

నేను రాయి తీసుకుని గేటు ఊచ మీద మూడు కొట్టాను. మళ్ళీ కొట్టాను. పంపు చప్పుడులో నాకే వినపడలేదు.